శౌచము - భూతదయ

శ్రీవైష్ణవ గృహములలో భగవదారాధనమునకు మడి ఎంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు. తిరువారాధనమునకు నీరు తెచ్చుట మొదలు పెరుమాళ్లు ఆరగించువఱకు అంటు తగులకుండ కాచుకొను ఇండ్లు బాపట్ల, పొన్నూరు, తెనాలి, రేపల్లె ప్రాంతములలో నేటికిని కలవు. అట్టి ఇంటి వాకిటనే సాధారణముగ ఒక కుక్కయు నుండును. దానికి పేరుండవచ్చును, లేకపోవచ్చును. మిగిలిన మెతుకులు తిని అరుగు ప్రక్కన పండుకొని, రాత్రివేళ క్రొత్తవారిని చూచి మొఱుగుచుండును. గడప దాటి లోనికి రాదు. ఆ వాకిలి విడిచి పోదు. ఆ కుక్కకు గాయమైనప్పుడు మడిలోనున్న గృహస్థునకు కర్తవ్యమేమి?

ఈ ప్రశ్న నేను కల్పించినది కాదు. భావనారాయణస్వామివారి కోవెలకు సమీపమున నివసించు ఒక గృహస్థు ఇటీవల నన్నడిగినది. ద్వాదశినాటి ఉదయమున ఆయన మడి కట్టుకొని ఆరాధనమునకు సిద్ధమగుచుండగా వాకిటి కుక్క కుంటుచు వచ్చినదట. ఎక్కడనో ముండ్లతీగ దూరబోగా ముందరికాలి చర్మము రెండంగుళముల మేర చీలినది. ఆయన మెట్లు దిగబోవగా తల్లి వారించినది: "నాయనా, ఆరాధనము కానిమ్ము. పారణ ఘడియలు దాటిపోవుచున్నవి. కుక్కను తాకిన చేతితో పెరుమాళ్లను తాకెదవా?" ఆయన ఆగెను. ఆరాధనము ముగిసెను, పారణయు ముగిసెను. వచ్చి చూచునప్పటికి కుక్క లేదు. నాలుగు దినములకు అది మరల కనబడునప్పటికి పుండు చీముపట్టి, ఈగలు ముసిరి, పురుగులు పడియుండెను. పశువైద్యుడు శుభ్రపఱచి మందు వేయగా చాల దినములకు గాని మానలేదు. "మా అమ్మగారి మాట కాదనవలసినదా? శాస్త్రమేమి చెప్పుచున్నది?" అని ఆయన అడిగినారు.

ఆ తల్లి మాటను చులకనగా త్రోసివేయుటకు వీలులేదు. ఆమె దయలేనిది కాదు. ఆ కుక్కకు ప్రతిదినము అన్నము పెట్టునది ఆమెయే. ఆమె యెదుట రెండు ధర్మములు ఒకేసారి నిలిచినవి. ఒకదానికి గడియారము కలదు, రెండవదానికి లేదు. గడియారము గల ధర్మమును ముందు చేసినది. లోకమున ఎక్కువమంది అట్లే చేయుదురు. గాయమునకును గడియారము కలదను సంగతి ఆ క్షణమున ఎవరికిని తోచలేదు.

మొదట మడిని గూర్చి విచారింతము. మడి యనగా భగవంతుని సన్నిధికి పోవువాడు తన దేహమునకు సంపాదించుకొను యోగ్యత. అది స్నానముతో వచ్చును. పోయినచో స్నానముతోనే మరల వచ్చును. స్మృతికారులు కుక్కను తాకినవానికి స్నానము విధించిరి. విధించిరనగా అర్థమేమి? గృహస్థునకు కుక్క తాకిడి కలుగునని, కలుగక తప్పదని వారెఱుగుదురన్నమాట. పరాశరస్మృతిలో ఐదవ అధ్యాయము ఆరంభముననే కుక్క కఱచినవానికి స్నానమును గాయత్రీజపమును చెప్పబడినవి. ఒక బిందెడు నీటితో తొలగు దోషమును, తొలగని పాపముతో సమానముగ నెంచుట శాస్త్రాభిప్రాయము కాదు. శీతకాలమున వృద్ధులకు రెండవసారి స్నానము కష్టమందురేమో! అశక్తులకు మంత్రస్నానమును విధించినదియు ఆ శాస్త్రమే. గాయపు సంగతి వేఱు. జారిపోయిన నాలుగు దినములను మరల తెచ్చి యిచ్చు స్నానమేదియు లేదు.

ఇంతమాత్రమున మడి అక్కఱలేదని వాదించువారితో నేను చేరను. "మనసు శుచిగా నున్న చాలును" అనువారి మనసులు ఎంత శుచిగా నుండునో లోకమునకు తెలిసినదే. నేను చెప్పునది వేఱొకటి. మడి చెప్పిన శాస్త్రమే దయను చెప్పినది. అదియును వేఱొక పుటలో కాదు, ఆ పుటలోనే.

భగవద్రామానుజులవారు శ్రీభాష్యమున లఘుసిద్ధాంత ప్రకరణమునందు భక్తి సిద్ధించుటకు ఏడు సాధనములను వాక్యకారుని ననుసరించి నిరూపించిరి. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అని వాని పేర్లు. వివేకమనగా సామాన్యులనుకొను అర్థము కాదు. జాతిచేత గాని, ఆశ్రయముచేత గాని, నిమిత్తముచేత గాని దుష్టము కాని అన్నముతో దేహమును శుద్ధముగ నుంచుకొనుట. మన ఇండ్లలో వంటింటి మడికి మూలమిదియే. దీనిని మన పెద్దలు బాగుగ పట్టుకొనిరి. కాని ఆ జాబితా అక్కడ ఆగలేదు. నాలుగవదియైన క్రియ యనగా పంచమహాయజ్ఞములను శక్తికొలది అనుష్ఠించుట. ఐదవదియైన కల్యాణములో సత్యము, ఆర్జవము, దయ, దానము, అహింస మొదలగునవి చేరినవి. మొదటిదానిని గట్టిగ పట్టుకొని నాలుగవదానిని, ఐదవదానిని వదలువాడు ఏడు మెట్ల నిచ్చెనలో మొదటి మెట్టుపై కూర్చుండి మేడ యెక్కితిననుకొనువాడు.

పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. వైశ్వదేవానంతరము కుక్కలకు, కాకులకు, క్రిమికీటకములకు గూడ అన్నమునుంచవలెనని మనుస్మృతి మూడవ అధ్యాయమున విధించినది. ఆ అన్నమును "మెల్లగా" భూమిపై నుంచవలెనని అక్కడ ఒక మాట కలదు. విసరరాదు, దుమ్ము అంటకుండునట్లు ఉంచవలెనని వ్యాఖ్యాతల తాత్పర్యము. కుక్క తినబోవు మెతుకునకు మట్టి యంటరాదని తలచిన ఋషులు, కుక్క కాలిపుండులో మట్టి చేరుచుండగా చూచుచు నుండుమని చెప్పుదురా? భాగవతము సప్తమస్కంధమున గృహస్థధర్మములు చెప్పుచు నారదమహర్షి మృగములను, పక్షులను, పాములను, ఎలుకలను, తుదకు ఈగలనుగూడ తన బిడ్డలవలె చూడవలెననెను. బిడ్డ కాలు చీరుకొని యేడ్చుచు వచ్చినచో ఆరాధనము ముగియువఱకు ఆగుమని ఏ తల్లియు అనదు.

తృతీయస్కంధమున కపిలభగవానుడు దేవహూతికి చేసిన ఉపదేశము ఇంకను కఠినముగ నున్నది. సర్వభూతములలోనున్న తన్ను అవమానించి ప్రతిమలో మాత్రము పూజించువాని పూజ బూడిదలో వేల్చిన హవిస్సువంటిదని ఆయన అభిప్రాయము. దీనిని పట్టుకొని అర్చావతారమును నిరసించువారు కొందఱు కలరు. అది సరికాదు. సర్వభూతములయందున్న భగవంతుని తన హృదయమున తెలిసికొనువఱకు స్వధర్మమాచరించుచు అర్చామూర్తిని సేవింపవలెనని ఆ ప్రకరణముననే కలదు. లోపలి గదిలోని పెరుమాళ్లును, వాకిటి ప్రాణిలోని అంతర్యామియు ఒక్కరే. ఒకరికి చేసిన సేవ మఱియొకరికి అపచారమగునని భయపడవలసిన పనిలేదు. అన్నమాచార్యులవారు పరబ్రహ్మ మొక్కటేయని పాడిన కీర్తనలో ఏనుగుమీద కాయు ఎండయు కుక్కమీద కాయు ఎండయు ఒకటేయన్న భావమును మన బిడ్డలుకూడ ఎఱుగుదురు.

గీతలో ఐదవ అధ్యాయమున పండితుడైనవాడు సమదర్శియై చూచువారిలో శునకమునుకూడ భగవానుడు పేర్కొనెను. అచ్చట రామానుజులవారి భాష్యము గమనింపదగినది. కనబడు భేదము ప్రకృతికి సంబంధించినది. ఆత్మస్వరూపము జ్ఞానైకాకారమగుటచే అంతట సమమే యని వారి వ్యాఖ్యానము. సమదర్శనమనగా కుక్కను తెచ్చి పీటమీద కూర్చుండబెట్టుట కాదు. దేహభేదమును బట్టి వ్యవహారభేదముండును. కాని నొప్పి దేహమునకు తగిలినను దానిననుభవించు జీవుడు మనవంటి జీవుడే, మనవలెనే శ్రీమన్నారాయణునకు శేషభూతుడే. కూరత్తాళ్వానులవారు పాము నోటబడిన కప్ప మొఱ విని, అది యెవరిని పిలుచుచున్నదో యని తలచి సొమ్మసిల్లిరని మన సంప్రదాయమున చెప్పుకొందురు. అంతటి ఆర్ద్రత మనకు లేకపోవచ్చును. గుడ్డపీలిక యైనను ఉండును గదా!

మహాభారతమున మహాప్రస్థానికపర్వ కథను ఎఱుగనివారు లేరు. అయినను అందు ఇంద్రుడు చెప్పిన మాటలను మనము శ్రద్ధగ వినము. ధర్మరాజు కుక్కను విడువననగా ఇంద్రుడు చేసిన వాదమంతయు మడి వాదమే. కుక్కతోనున్నవారికి స్వర్గమున చోటు లేదని, కుక్క చూచినంతమాత్రమున యజ్ఞదానాదుల ఫలము చెడునని ఆయన పలికెను. మన గృహస్థుని తల్లి పలికినదియు ఆ మాటయే. ధర్మరాజు ఆ శాస్త్రమును కాదనలేదు. భయపడినవానిని, ఆశ్రయించినవానిని, వేఱు దిక్కులేక ఆర్తుడై వచ్చినవానిని, క్షీణించి ప్రాణము కాపాడుకొనగోరువానిని విడుచుట తన వ్రతము కాదని మాత్రము చెప్పెను. ఆ కుక్క యమధర్మరాజని ఆయనకు తెలియదు. తెలిసియున్నచో అది పరీక్షయే కాదు. ఈ కథ చెప్పి, "ఏమో, మన వాకిటి కుక్కయు దేవతయేమో" అని దయ చూపువారు కలరు. వైష్ణవునకు అంత ఊహ అనవసరము. దేవత మాఱువేషమున రానక్కఱలేదు, అంతర్యామి అందున్నాడు.

నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమున ప్రథమాశ్వాసముననే సరమ కథ వచ్చును. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ కొడుకైన సారమేయుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు పోయి తల్లికి చెప్పగా, హవిస్సును తాకలేదు, చూడనైనలేదు, నిరపరాధియైన బిడ్డను కొట్టితిరని దేవశుని యగు సరమ వచ్చి, అనుకోని భయము కలుగునని జనమేజయునితో పలికెను. కొట్టినవారు క్రూరులని కాదు. యాగశాల శుచికొఱకే కొట్టియుందురు. ఆ శుచియే యాగమునకు భయము తెచ్చిపెట్టినది. జనమేజయుడు ఆ దోషశాంతికై తగిన పురోహితుని వెదకికొని, శ్రుతశ్రవుని కుమారుడగు సోమశ్రవసుని తెచ్చుకొనవలసివచ్చెను. కుక్కపిల్లను కొట్టిన కథతో భారతకథ తెఱ లేచుట, కుక్కను విడువని కథతో ముగింపునకు వచ్చుట నాకు ఎప్పుడును ఆశ్చర్యముగనే యుండును.

రామాయణమున ఉత్తరకాండమునందు, కొన్ని ప్రతులలో ప్రక్షిప్తములుగ చూపబడు సర్గలలో, తలపై దెబ్బతిన్న కుక్కయొకటి శ్రీరాముని ద్వారమునకు వచ్చిన కథ కలదు. లక్ష్మణుడు లోనికి రమ్మనగా, దేవాలయములందు, రాజగృహములందు, బ్రాహ్మణుల ఇండ్లయందు దేవతలుందురు గనుక తనవంటిది ప్రవేశింపదగదని, ప్రభువు అనుజ్ఞ కావలెనని ఆ కుక్కయే పలికెను. మడి సంగతి మనకంటె దానికే బాగుగ తెలియును! శ్రీరాముడు దానిని పిలిపించి, ఆకలితో తిరుగుచు కోపము పట్టలేక కొట్టిన భిక్షువును రప్పించి విచారించెను. కుక్క కోరినట్లు అతనికి కాలంజరమున కులపతిత్వము శిక్షగ ఇచ్చిన వింత తీర్పు అందఱును చెప్పుకొందురు. ఆ కథ తీర్పును గూర్చినది. పగిలిన తలకు కట్టు గూర్చినది కాదు. రాముడు చేసినది రాజు పని. కట్టు కట్టుట గృహస్థుని పని.

ఆ గృహస్థునకు దారి చూపు కథ అంబరీషునిది. ద్వాదశి పారణ సమయము దాటిపోవుచున్నది. అతిథిగ వచ్చిన దుర్వాసుడు నదికి పోయి తిరిగి రాలేదు. పారణ మానిన వ్రతభంగము, అతిథికంటె ముందు భుజించిన అపచారము. అంబరీషుడు ఒకదానిని పట్టి మఱియొకదానిని వదలలేదు. పెద్దలతో ఆలోచించి జలము మాత్రము పుచ్చుకొని రెండును నిలుపుకొనెను. మన గృహస్థునిదియు ద్వాదశియే గదా! తీర్థము పుచ్చుకొని పారణ అయినదనిపించి, పావుగంట కుక్కకు వినియోగించి, మరల స్నానము చేసి ఆరాధనమునకు కూర్చుండవచ్చును. ఇంటిలో మడిలో లేనివారుండిరా, వారికి చెప్పిన ఇంకను సులభము. రక్తము ఆగక కారుచున్నచో మాత్రము ఆలోచనయే వలదు, ఆరాధనము ఆగవలసినదే. గజేంద్రుని మొఱకు లక్ష్మీదేవికిని చెప్పక పరుగెత్తిన పెరుమాళ్లు అరగంట నిరీక్షింపలేరా? ఈ ఒక దినము గడచిన పిమ్మట పుండు మానువఱకు ప్రతిదినము చేయవలసిన శుశ్రూషను తెల్లవారుజామున స్నానమునకు ముందే పెట్టుకొన్నచో ఏ చిక్కును లేదు.

ఇక శుశ్రూష ఎట్లు చేయవలెనో కొంత వివరింతును. ఇది పండితుని పని కాదందురేమో! మనుష్యులకును పశువులకును రెండు విధములగు చికిత్సలను ఏర్పఱచితినని అశోకచక్రవర్తి రెండవ శిలాశాసనమున చెక్కించెను. ఆ శాసనపాఠము మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని కలదు. సుశ్రుతుడు చికిత్సాస్థానమున వ్రణమునకు అరువది ఉపక్రమములు చెప్పెను. మన వాకిటి పనికి అరువది అక్కఱలేదు, నాలుగైదు చాలును. మఱియు ఒక సంగతి. మడి తెలిసినవారికి గాయపు శుచిని క్రొత్తగ నేర్పనక్కఱలేదు. ఏ గుడ్డ ఉతికినది, ఏది కాదు; ఏ నీరు ముట్టినది, ఏది ముట్టనిది; ఏ చేయి దేనిని తాకినది అను ఎఱుక వారికి పుట్టుకతో వచ్చినది. ఆ ఎఱుకయే గాయమునకు కావలసినది.

ఎంత చనువైన కుక్కయైనను నొప్పిలో కఱచును. అది కృతఘ్నత కాదు, దేహధర్మము. కనుక ఇద్దఱుండవలెను. ఒకరు మెల్లగ మాటలాడుచు పట్టుకొనగా, మెత్తని గుడ్డపీలికతో మూతిచుట్టు వదులుగ చుట్టి, గడ్డముక్రింద ముడివేసి, చెవుల వెనుక కట్టవలెను. అది రొప్పుచున్నను, వాంతి చేసికొనుచున్నను మూతి కట్టరాదు. పని కాగానే విప్పవలెను. రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషములు ఎత్తి చూడక అదిమిపట్టవలెను. మాటిమాటికి ఎత్తి చూచుటచే గడ్డకట్టు రక్తము మరల చెదరును.

తరువాత కడుగుట. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాడు ఉప్పు కరిగించి, ఆ నీటిని గాయముపై ధారగ పోయుచు మట్టి, వెండ్రుకలు పోవువఱకు కడుగవలెను. గాయములో వెండ్రుకలు పడకుండ తడిగుడ్డ కప్పి, చుట్టునున్న బొచ్చును కత్తెరతో కత్తిరింపవచ్చును. పిమ్మట మందుల దుకాణములో దొఱకు పోవిడోన్ అయోడిన్ ద్రావణమును పలుచని తేనీటి రంగు వచ్చువఱకు నీటితో కలిపి అద్దవలెను. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి మంటపుట్టించి, మానుచున్న కండను చెఱచును. మన పల్లెలలో పుండులో కిరసనాయిలు పోయువారు, సున్నము పెట్టువారు, ఫినాయిలు చల్లువారు కలరు. ఇవి చికిత్సలు కావు, హింసలు. పసుపు మంచి వస్తువే. కాని అంగడిలో కొన్న పొడిని తెఱచిన గాయములో కూరినచో ముద్దకట్టి మురికిని లోపల పట్టియుంచును. అందుచేత నేను దానిని కోరను.

కుక్క తన పుండును నాకుకొనుటచే మానునని ఒక నమ్మకము కలదు. కొంచెము నాకుట వేఱు. రేయింబవళ్లు నాకుటచే పుండు తడిసి, చర్మము ఒఱసి, వ్రణము పెరుగును. మెడచుట్టు గరాటువంటి పట్టీ కట్టుదురు. అట్ట కత్తిరించి ఇంటిలోనైనను చేయవచ్చును. కట్టు కట్టినచో బిగింపరాదు; తడిసినను, మురికియైనను మార్పవలెను. వ్రేళ్లు వాచినచో కట్టు బిగిసినదని గ్రహింపవలెను. మనుష్యులు మ్రింగు నొప్పిమాత్రలు మాత్రము దానికి పెట్టరాదు. మనకు జ్వరము తగ్గించు పారాసెటమాల్, నొప్పి తగ్గించు ఐబుప్రోఫెన్ దానికి విషతుల్యములు కాగలవు.

ఇంటిలో చేయదగినది చిన్న గాయమునకే. పైకి చిన్నదిగ కనబడుచు లోతుగ దిగిన పంటిగాట్లు, పది నిమిషములు అదిమినను ఆగని రక్తము, దుర్గంధము, చీము, పురుగులు, కంటికి కీళ్లకు తగిలిన దెబ్బలు, తిండి మానుట - వీనిలో ఏదియున్నను పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. పురుగులు పడిన పుండులో మనము వేలు పెట్టరాదు. పశువులకొఱకు సంచార వైద్యవాహనములను, వానిని పిలుచుటకు 1962 అను ఫోను సంఖ్యను మన రాష్ట్రమున 2022లో ఏర్పఱచిరి.

దయ గలవాడు తన్ను తాను కాపాడుకొనుటయు ధర్మమే. సుశ్రుతుడు కల్పస్థానమున వెఱ్ఱికుక్క విషమును వర్ణించి, కఱవబడినవాడు నీటిని చూచి బెదరుట అరిష్టలక్షణమని చెప్పెను. నేటి వైద్యులు చెప్పునదియు అదియే. రేబిస్ లక్షణములు పైకి వచ్చిన పిమ్మట బ్రదుకుట దాదాపు అసాధ్యము. లక్షణములు రాకముందు అడ్డుకొను ఉపాయము మాత్రము సుశ్రుతుని కాలమున లేదు. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు ఒక తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేయించిన నాటినుండి కలదు. కనుక కారణము లేక మీదబడు కుక్కను, నోట చొంగ కారుచు గొంతు మాఱిన కుక్కను, వెనుకకాళ్లు ఈడ్చు కుక్కను దయతోనైనను తాకరాదు. దూరమున నిలిచి తెలిసినవారిని పిలువవలెను. మంచికుక్కను తాకునప్పుడును చేతికి తొడుగు వేసికొనుట మేలు. కఱచినను, గీరినను, దాని చొంగ మన చేతి చీలికకు తగిలినను ధారగ పడు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పరాశరుడు చెప్పిన స్నానము, గాయత్రి అటుపిమ్మట చేసికొనవచ్చును. టీకా లేక అవి చాలునని ఎవరైనను చెప్పినచో నమ్మరాదు. వాకిటి కుక్కకు మూడు నెలల వయసు దాటగానే టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండుట భూతయజ్ఞములో భాగమేయని నా మతము. అన్నము పెట్టి టీకా వేయింపనివాని దయ వీధిలో ఆడుకొను పసిబిడ్డలకు ఎంత భయమును మిగుల్చునో వేఱుగ చెప్పనేల?

మన రాజ్యాంగమునకు 1976లో జరిగిన నలువది రెండవ సవరణచే చేరిన పౌరుల ప్రాథమిక విధులలో ప్రాణులయెడ కరుణ గూడ ఒకటి. వైశ్వదేవము మానిన ఇండ్లకైనను ఆ విధి తప్పలేదు.

ఆ గృహస్థునితో నేను తల్లిగారిని నొప్పింపవలదని చెప్పితిని. ఆమెకు అంబరీషుని కథ చదివి వినిపింపుమంటిని. ఆమె విని, "అయితే వాకిట ఒక బిందె నీళ్లు, రెండు ఉతికిన గుడ్డలు వేఱుగ పెట్టించెదను. అవి వంటింటిలోనికి తేవలదు" అన్నదట. అంతకంటె మంచి ధర్మనిర్ణయము ఏ పరిషత్తును చేయలేదు.

ఇంకొక ప్రశ్నయు ఆయన అడిగినారు. కుక్కకు ప్రసాదము పెట్టవచ్చునా యని. రంతిదేవుడు నలువదియెనిమిది దినముల ఉపవాసానంతరము లభించిన అన్నమును కుక్కలతో వచ్చిన అతిథికి పెట్టి, ఆ కుక్కలకును నమస్కరించెనని నవమస్కంధమున కలదు. పెట్టుటకు సందేహములేదు. కాని ఏది పెట్టవలెనో చూడవలెను. చక్కెరపొంగలిలో కిస్‌మిస్ వేయుదురు. ద్రాక్షయు కిస్‌మిసును కుక్కల మూత్రపిండములను చెఱచునని పశువైద్యులు చెప్పుచున్నారు. ఉల్లి, వెల్లుల్లి కూడ వానికి పడవు. అవి మన ఇండ్లలో వండము గనుక ఆ భయము లేదు. పులిహోరలో మిరపయు పోపును ఎక్కువ. గాయము మానువఱకు తాలింపు వేయని పెరుగన్నమును వేఱొక ఆకులో, దుమ్ము లేనిచోట మెల్లగ నుంచి, ప్రక్కన మట్టిమూకుడులో మంచినీరు పెట్టి, అది తినునంతసేపు ఎవరును కదలింపకుండ చూడవలెను.